కనకవ్వ చూడబోయే సరస్సు

రామగుండంలో ఎండాకాలం పగటిపూట ఎవరూ గడప దాటని రోజులవి. మంచుకొండల్లోని సరస్సుకు వెళ్ళడానికి ఇంటిల్లిపాదికీ అనుమతి దొరకగానే స్వరూప ఎగిరి గంతేసింది. ప్రయాణాల ఏర్పాట్లన్నీ చూసే ఇంటి యంత్రం మాత్రం, "కనకవ్వగారి ఊపిరితిత్తులకు అంత ఎత్తు పడదు. మిగతావాళ్ళు వెళ్ళొచ్చు" అని తేల్చేసింది.

"మీరు పోయి రాండ్రి బిడ్డా" అంది కనకవ్వ, ముఖం పక్కకు తిప్పుకుని. చిన్నప్పుడెప్పుడో చలిమంట కాచుకున్న గుర్తు తప్ప, ఆ తర్వాత ఆ ఊరికి మళ్ళీ చలికాలమన్నదే రాలేదు.

"నువ్వు లేకుంటె మేమూ పోం అత్తమ్మా" అని స్వరూప యంత్రం వైపు తిరిగింది. "ఇంకింత కింద ఇంకో సరస్సు లేదా? ఎతుకు."

యంత్రం కాసేపు వెతికింది. ఉందట. చిన్నదట, ఆ ఎత్తు కనకవ్వకు పడుతుందట, అక్కడికి ఎవరూ పెద్దగా పోరు కాబట్టి అనుమతి కూడా అక్కర్లేదట.

కనకవ్వ లేచి కూర్చుంది. "చలి ఉంటదా ఆడ?"

"నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి" అంది యంత్రం.

కనకవ్వ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఊళ్ళో స్వెటర్లమ్మే దుకాణమే లేదు కాబట్టి, అత్తాకోడళ్ళిద్దరూ అప్పటికప్పుడు పాత రగ్గు కత్తిరించి కోటు కుట్టడానికి కూర్చున్నారు.

"ఈలోగా సరస్సును గోడ మీద చూపించనా?" అని అడిగింది యంత్రం.

"వద్దు" అంది కనకవ్వ, సూదిలో దారం ఎక్కిస్తూ. "పోయినంకనే చూస్త."