పడమటి గోడ

ఎల్మా ఆసుపత్రిలో ఒంటరిగా చనిపోయింది.

ఈ విషయంలో ఆమె భర్త ఎర్కీ ఎవరి మాటా వినడు. ఆరోజు సరస్సు మీది నుంచి మంచు తుఫాను వచ్చింది. రోడ్డు మూసేశారు. పదకొండు మైళ్ళ ఇవతల ఆయన ట్రక్కు చుట్టూ మంచు తవ్వుతూనే ఉన్నాడు. ఆఖరికి ఆమె పక్కన ఎవరున్నారని ఫోన్లో అడిగితే నర్సు తడబడింది.

"ఆ టైముకి మా నర్సులెవరూ గదిలో లేరండీ."

అంతే. ఆసుపత్రి మనిషి కనిపిస్తే ఆయన చర్చిలో కూడా బెంచీ మారేవాడు.

ఇంటిని మాత్రం వదల్లేదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో వాకిట్లో మంచు తనే తీసేవాడు. తీసిన మంచునంతా పడమటి గోడ పక్కన పేర్చేవాడు. అంచులు గీత గీసినట్టు ఉండేవి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతా వెచ్చబరిచే ఫర్నేస్ కూడా ఆయన బిగించిందే. ఇరవై చలికాలాలు. ఒక్కరోజు ఆగలేదు. ఈ మాట వినని చెవి కాఫీ కొట్టులో లేదు.

మరుసటి చలికాలం ఒక ఉదయం చూస్తే, ఆయన పేర్చిన మంచులో ఎవరో గొయ్యి తీశారు.

చిన్న బూట్ల అడుగులు. వెనక సందులోంచి వచ్చి, సందులోకే పోయాయి.

మళ్ళీ మంచు పడిన ఉదయం ఎర్కీ కిటికీ దగ్గర కాపు కాశాడు. వచ్చింది ఒక పొట్టి ముసలావిడ. చేతిలో ఎర్రటి చిన్న పార.

"ఏమమ్మా, ఏం చేస్తున్నావిక్కడ?"

"మంచు తీస్తున్నానండీ."

"ఎవరి మంచు?"

"మీదే."

"నిన్ను రమ్మని పిలిచానా?"

"మీరు పిలవలేదు." గోడలోంచి బయటికొచ్చిన తెల్ల గొట్టాన్ని చూపించింది. "దీనికి గాలాడాలి కదా. లేకపోతే లోపల ఫర్నేస్ ఆగిపోతుంది."

"నా ఫర్నేస్ సంగతి నాకే చెప్తున్నావా? ఇరవై..."

"ఇరవై చలికాలాలు. తెలుసు."

"తెలిస్తే ఇక దయచెయ్యి."

"చెప్పినా వినరని కూడా తెలుసులెండి," అని నవ్వింది.

ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా సందు వైపు అడ్డంగా చెక్కలు కొట్టేశాడు.

తర్వాతి మంచుకు ఆవిడ వచ్చి చెక్కల అవతల నిలబడింది.

"నా మోకాళ్ళతో ఇవి దాటలేనండీ."

"దాటకూడదనే కొట్టింది."

"అయితే ఇది మీకే పనికొస్తుంది." ఎర్ర పారను చెక్కల మీదుగా లోపలికి విసిరింది.

"ఈ బొమ్మ పార నాకెందుకు?"

ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ రానూ లేదు. ఎర్కీ ఆ పారను ముట్టుకోలేదు. దాని మీదే మంచు పేర్చాడు.

పన్నెండో రోజున ఫర్నేస్ ఆగిపోయింది.

ఎర్కీ రోజంతా దాన్ని విప్పి బిగించాడు. ఎవరినీ పిలవలేదు. మర్నాడు వంటింట్లో నీళ్ళ గొట్టం చలికి పగిలి, ఎల్మా నేసిన రగ్గు నేలకు గడ్డకట్టుకుపోయింది. అప్పుడు ఫోన్ చేశాడు.

మెకానిక్ డేల్ ఫర్నేస్‌ను ఒకసారి చూసి, తిన్నగా బయటికి నడిచి, పడమటి గోడ దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, గొట్టాన్ని మీ చేత్తో మీరే పూడ్చారు. ఇన్నేళ్ళూ ఎవరు తీసేవారు?"

"ఎవరూ తియ్యలేదు."

"తియ్యకపోతే మొదటి చలికాలమే ఆగేది."

ఎర్కీకి పిట్టల గింజలు గుర్తొచ్చాయి. మంచు పడిన ప్రతి ఉదయం ఎల్మా పిట్టలకు గింజలు వేసొస్తానని ఇటే వచ్చేది. మోచేతుల దాకా మంచుతో తిరిగొచ్చేది. గింజలు ఒక్కో పిట్టకూ నోట్లో పెట్టొస్తున్నావా అని ఆయన వెక్కిరించేవాడు. ఆమె ఆయనకు కాఫీ పోసేది.

డేల్ చేతికి ఎర్ర పార తగిలింది. పిడి మీద చెక్కిన పేరు చూసి ఆగిపోయాడు.

"ఇది మా మేనత్త వర్నాది. ఇక్కడికెలా వచ్చింది?"

"వచ్చి పట్టుకుపొమ్మను."

"ఎక్కడి నుంచి వస్తుంది? గుండె ఆగి పోయింది. వారమైంది. గడ్డకట్టిన నేల మెత్తబడేదాకా పూడ్చడానికి లేదు కదా, శవాన్ని శ్మశానం గదిలో ఉంచాం."

ఎర్కీ చెక్కల వైపు చూశాడు.

"అయితే అత్త మంచు తియ్యడానికెళ్ళిన ఇల్లు మీదేనన్నమాట," అన్నాడు డేల్ మెల్లగా. "పేరు చెప్పేది కాదు అత్త. మాటిచ్చాననేది."

"ఎవరికి?"

"అత్త ఆసుపత్రిలో నేలలు తుడిచేది. కిందటేడు తుఫాను రోజు పని అయిపోయినా ఇంటికి పోలేదు. ఒకావిడ చెయ్యి పట్టుకుని, ఊపిరి ఆగేదాకా పక్కనే కూర్చుంది. ఆవిడ తన నొప్పి గురించి ఒక్క మాట అనలేదట. 'మా ఆయన పేర్చినట్టు మంచు పేర్చేవాడు మన ఊళ్ళో లేడు. కాకపోతే గొట్టం మీద పేరుస్తాడు. చెప్తే వినడు. నువ్వెళ్ళి తీసెయ్, నేనన్నానని చెప్పకు' అందట. గొప్పగా చెప్పుకుని నవ్విందట."

ఎర్కీ ఎర్ర పార అందుకుని, గొట్టం చుట్టూ మిగిలిన మంచు తీశాడు.

వసంతంలో వర్నాకు గొయ్యి తవ్వింది ఆయనే. అంచులు గీత గీసినట్టు వచ్చాయి. వచ్చినవాళ్ళు ఆగి చూశారు.

"ఆవిడ నీకేమవుతుందోయ్?" అని కాఫీ కొట్టులో అడిగారు.

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి," అన్నాడు ఎర్కీ.

ఎల్మా ఒంటరిగా చనిపోయిందన్న మాట ఆయన కూడా మళ్ళీ ఏనాడూ ఎత్తలేదు.