అసన్‌కుల్ కోత

కనుమ మీద మంచు మనిషెత్తు పేరుకుంది. ముందు తుర్గున్ మంచు తీసే బండి, వెనక నొప్పులు పడుతున్న ఐజమాల్‌తో అంబులెన్సు. చీకట్లో మూడో మలుపు తిరిగేసరికి దారి అప్పటికే తీసి ఉంది. అటూ ఇటూ మంచు గోడలు తీర్చి దిద్దినట్టున్నాయి.

"ఏం తుర్గునన్నా, రోడ్డు తీశావా, మీగడ కోశావా?" రేడియోలో నర్సు మురిసిపోయింది.

"ఈ మలుపు తిరిగాక నేనింకా బండి పార దించనే లేదు తల్లీ."

ఆ కనుమకి ఉన్నది ఒక్కటే బండి. గోడలకి అంత అందమైన ఏటవాలు కోత పెట్టిన చెయ్యీ ఒక్కటే, అతని గురువు అసన్‌కుల్‌ది. మూడేళ్ళ క్రితం ఆయన్ని ఇక్కడే మంచు మింగేసింది.

కొండ కొసన ఆ తీసిన దారి ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ ముట్టని మంచు గోడ. దాని వెనక హారన్ రెండుసార్లు మోగింది. 'దారి తీశాను, రండి' అని ఆ కనుమ డ్రైవర్ల పిలుపది.

వెనక అంబులెన్సులో ఐజమాల్ కేక పెట్టింది.

తుర్గున్ గురువుని తలచుకుని, ప్రార్థనగా అరచేతులు ముఖానికి రాసుకుని, తనూ రెండుసార్లు హారన్ కొట్టి, పార దించాడు.