ఎదుగుతున్న బొమ్మ

ఫోన్ కిందకి దించాక గానీ కుసుమకుమారికి తెలియలేదు, పక్కన హేమ లేదని.

విజయనగరంలోని ఆ చిన్న ఆర్ట్ మ్యూజియంలో యానిమేషన్ ప్రదర్శన పెట్టారంటే, అయిదేళ్ల కూతురికి కదిలే బొమ్మలు చూపిద్దామని గజపతినగరం నుంచి పనిగట్టుకుని వచ్చింది. చీకటిగదిలో గోడ మీద ఓ బొమ్మపిల్ల, చూస్తుండగానే ఏడాదికేడాది ఎదుగుతోంది. పళ్లూడుతున్నాయి, జడలు పొడుగవుతున్నాయి. భలే ఉందనుకుని, ఎదురుగా ఉన్నదాన్ని కళ్లారా చూడకుండా వీడియో తీస్తూ కూర్చుంది కుసుమ. రెండో చెయ్యి ఎప్పుడు ఖాళీ అయిందో గమనించుకోలేదు.

"హేమా! ఓలమ్మ, నా పిల్ల!"

ఫోన్ ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు. ఆ గదీ ఈ గదీ వెతికింది. మెట్ల కింద చూసింది. రోడ్డు మీద బస్సుల హారన్లు వినపడుతుంటే లేనిపోని ఆలోచనలన్నీ ముసురుకున్నాయి.

గేటు దగ్గర కనపడింది హేమ. మాసిన గడ్డంతో ఎవరో మనిషి దాని చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవుడ్రా నువ్వు? నా పిల్లని ఎక్కడికి తీసుకెల్తన్నావు?"

అతను నోరు తెరిచేలోపే చేతిసంచితో మొహం మీద ఒక్కటిచ్చింది.

ప్రదర్శన కోసం కొత్తగా పెట్టిన కాపలావాడు గంగులు పరిగెత్తుకొచ్చాడు.

"నాను మూడ్రోజుల్నుంచి సూస్తన్నానమ్మా! ఈడు ఈ గేటుకాడే నిలబడతాడు. వచ్చీ పోయీ ఆడపిల్లల మొకాలే సూస్తాడు!"

ఇంకేముంది, పోగైన జనం తలో చెయ్యి వేశారు. చొక్కా చిరిగింది. అతను ఎదురు చెప్పలేదు. రోడ్డు మీదకి నెట్టేస్తుంటే మాత్రం వెనక్కి తిరిగి, "దాని సెయ్యి ఒగ్గీకండమ్మా, గట్టిగా పట్టుకోండి," అన్నాడు.

"ఇంకా బెదిరిస్తన్నాడు సూడండి!" అంది కుసుమ.

అతను ఆటోల మధ్య కలిసిపోయాడు.

అప్పుడు ఏడుపు ఎత్తుకుంది హేమ.

"ఎందుకు కొట్టినారమ్మా? నిన్ను ఎతుక్కుంటా నాను రోడ్డు మీదకి ఎల్లిపోతంటే ఆ మావే ఆపినాడు. మీయమ్మ వచ్చీదాకా సెయ్యి ఒగ్గనన్నాడు."

కుసుమ గేటు దాటి రోడ్డు అటూ ఇటూ చూసింది. అతను లేడు.

ఫోన్ కోసం మళ్లీ చీకటిగదిలోకి వెళ్లింది, ఈసారి కూతుర్ని చంకనెత్తుకుని.

గోడ మీద ఇందాకటి బొమ్మే. ఆ పిల్లకి ఇప్పుడు పదహారేళ్లు. కాలేజీ సంచి భుజాన వేసుకుని ఇటే చూస్తోంది. బొమ్మ ఆగిపోయి అక్షరాలు వచ్చాయి.

"అయిదేళ్లప్పుడు జాతర జనంలో తప్పిపోయిన నా కూతురు ఈపాటికి ఇలా ఉంటుందని గీశాను. ఎక్కడైనా కనపడితే చెప్పండి."

ఆ కింద పాత ఫొటోలో, చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నవ్వుతున్నది ఆ గేటు దగ్గరి మనిషే.