మొప్ప వెనక చుక్క

చేపల టీచరు గాజుతొట్టెలోని మురికినీళ్లను సన్నటి గొట్టంతో బకెట్లోకి లాగుతోంది.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆమెకు వీధివాళ్లు పెట్టిన పేరది. ముందుగదిలో రెండు తొట్లు. ఒకదాంట్లో కొండకు ఇటువైపు ఏటి చేపలు. రెండోదాంట్లో అటువైపు ఏటిది ఒకే ఒక్క ఆడచేప. అక్కడ ఏరు ఎండిపోయింది. జోడీ దొరక్కపోతే ఆ జాతి దీంతోనే సరి.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

ముసలాయన. చేతిలో మూతకు చిల్లులు పొడిచిన స్టీలు క్యాను.

"అటువైపు మగచేప కావాలన్నారటగా?"

"మొన్నొకాయన ఇటుదాన్నే అటుదని అంటగట్టబోయాడు. మీరూ ఆ బాపతేనా పెద్దాయనా?"

"చూసుకో తల్లీ."

చూసింది. అటుదే.

"ఎక్కడ దొరికింది?"

"ఓ మడుగు మిగిలింది. అందులో ఇదొక్కటే. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చా."

చేపను మెల్లగా తొట్టెలోకి వదిలింది. ఆడచేప ఓసారి చుట్టూ తిరిగి పక్కకు చేరింది.

"ఇటువాటితో కలిపేస్తే పోయేదిగా?"

"కలిపి చూశా. పక్కపక్కనే ఈదుతాయి, జంట కట్టవు. ఒకప్పుడు అంతా ఒకే ఏరు. మధ్యలో నేల లేచి కొండయింది, లక్షల ఏళ్లు పట్టింది. ఏరు రెండైంది. ఎటువి అటే పిల్లల్ని పెట్టుకుంటూ వేరే జాతులైపోయాయి. ఇప్పుడు ఒకదాన్నొకటి తమదనుకోవు."

"మరి ఒకప్పుడు ఒకటేనని ఎలా తెలిసింది?"

"మొప్ప వెనక ఈ చుక్క చూడండి. రెండింటికీ ఉంది. అన్నీ మారినా ఇది పోలేదు."

ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు.

"ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"నేనూ అమ్మా. నేను కడుపులో ఉండగానే నాన్న ఏట్లో కొట్టుకుపోయారు."

"మా ఏట్లోనా?"

"వరదప్పుడట."

"అయ్యుంటుందిలే." కండువా భుజాన వేసుకుంటూ అడిగాడు. "మంచివాడేనా?"

"అమ్మ ఎప్పుడూ చెడ్డగా చెప్పలేదు."

"అది చాల్లే."

"కూర్చోండి, టీ పెడతాను. అమ్మ వచ్చేస్తుంది."

"బస్సుందమ్మా."

క్యాను మరిచిపోయి వెళ్లాడు.

పిండిమర నుంచి అమ్మ వచ్చింది. "ఎవరే వచ్చింది?"

"కొండ అటువైపు పెద్దాయన. మగచేప తెచ్చిచ్చాడు! పాపం, నాన్న గురించి కూడా అడిగాడు. ఒక వింత చెప్పనా? నా చెవి ముందు సూదితో పొడిచినట్టు గుంట ఉందిగా, నాకు తప్ప ఎవరికీ లేదనుకున్నా. ఆయనకీ అచ్చం అలాగే ఉందే!"

అమ్మ పిండి సంచి కింద పెట్టింది.

దూరంగా కొండ మలుపులో బస్సు హారన్ మోగింది.

ఇన్నేళ్లూ ఏట్లో కొట్టుకుపోయాడని చెప్పిన మనిషి కోసం అమ్మ, చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దిగి వెళ్లిపోయింది.