పట్టపగటి చుక్క

"నీలం తప్ప ఏమీ కనబడట్లేదే!" టెలిస్కోపు మీంచి తలెత్తి అన్నాడు భర్త.

మేడమెట్ల మీద వీధి పిల్లలంతా వరుస కట్టి ఉన్నారు. మా అబ్బాయీ కోడలూ పట్టపగలే నక్షత్రాన్ని చూపిస్తారని అత్తగారు వీధంతా ఊదరగొట్టేశారు మరి.

"నా ప్రోగ్రాం తప్పు చెప్పదు," అంది భార్య, ఒళ్ళో లాప్‌టాప్ సర్దుకుంటూ. "నక్షత్రాల పట్టికలో ఉన్నది పాతికేళ్ళ కిందటి చోటు. అప్పట్నుంచి భూమి ఇరుసు కాస్త పక్కకి ఒరిగింది కదా. ఆ తేడా కలిపే నీకు అంకెలిచ్చాను."

అతను నోరు తెరిచాడు. "కలిపావా? నువ్వు మర్చిపోతావని నేనూ టెలిస్కోపులో కలిపేశానే!"

"పోయిన ఆదివారం చుక్క దొరకనప్పుడు కూడానా?"

"పోయిన ఆదివారం కూడా."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే అతను తన లెక్క తీసేశాడు. టెలిస్కోపు గుర్రుమంటూ రవ్వంత జరిగింది. ఆ నీలం నడిమధ్య సూదిమొనంత వెలుగు తళుక్కుమంది.

"దొరికిందర్రా!"

పిల్లలు కేరింతలు కొడుతూ ఎగబడ్డారు. వాళ్ళందర్నీ తోసుకుని అత్తగారే ముందు కన్ను ఆనించారు.

"అమ్మో, నిజంగా చుక్కే!" తనివితీరా చూసి ఇటు తిరిగారు. "అది సరే గానీ, పొద్దున కూర నోట్లో పెట్టలేకపోయాం. ఉప్పు వేసిందెవరు?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అత్తగారు నాలిక్కరుచుకున్నారు. "మీరు మర్చిపోతారని నేనూ వేశానర్రా!"