ముందు సొమ్ములు

వంశధార నీళ్లు వాకిట్లోకి వచ్చేశాయి. కాలు బెణికిన అత్త తవిటమ్మను గట్టు మీదికి చేర్చి, లావణ్య బట్టల కోసం మళ్లీ ఇంటికేసి దిగింది.

"ఒసే, సొమ్ములు ఒగ్గీసి రాకే! ముందు సొమ్ములు సూడు!" తవిటమ్మ గట్టు మీంచి కేకలు పెట్టింది.

ఇంత వరదలోనూ డబ్బు యావేనా అని లావణ్యకు ఒళ్లు మండింది. తెనాలి నుంచి కాపురానికొచ్చి నెలే అయింది. నడుంలోతు నీళ్లలో ఇంట్లోకి వెళ్లి, పెట్టెలోని నోట్లకట్టలు కొంగున కట్టుకుని, పడుతూ లేస్తూ గట్టెక్కింది.

"ఇవిగో అత్తయ్యా, మీ సొమ్ములు."

తవిటమ్మ బిత్తరపోయింది. "ఈ కాయితాలేటే? సొమ్ములు సాలలో కట్టేసి ఉన్నాయి కదే!"

అప్పుడు వినబడింది లావణ్యకు, సాలలోంచి ఆవుల అరుపు. ఈ ఊళ్లో సొమ్ములంటే పశువులని అప్పుడే తెలిసింది. నోట్లు అత్త ఒళ్లో పడేసి నీళ్లకేసి పరుగెత్తబోయింది. ఈలోగా వరద పల్లంలో ఉన్న సాల చూరుదాకా వచ్చేసింది.

తవిటమ్మ ఆమె జబ్బ రెండు చేతులా పట్టేసుకుంది.

"వద్దే అమ్మా. సొమ్ములు మళ్లీ కొనుక్కుందుం. నిన్నెక్కణ్ణుంచి తెస్తానే?"

అరుపులు ఆగిపోయినా ఆ చేతులు వదల్లేదు.