అమావాస్య నాటి బిల్లు

జగ్గయ్యపేటలో పుల్లయ్య పప్పుల కొట్టు ముందు, సరుకెక్కిన లారీ బిల్లు కోసం ఆగి ఉంది. లోపల ప్రోగ్రామర్ దేవిశ్రీ కొట్టు కోసం తను రాసిన బిల్లుల ప్రోగ్రాంలో తప్పు దిద్ది, అది కొత్తగా తయారవడానికి ఎన్నిసార్లు బిల్డ్ చేసినా పాత తప్పే వస్తోంది.

చివరికి కంప్యూటర్ గడియారం చూసింది. నిన్నటి తేదీ!

"నేనేనమ్మా మార్చా. ఇవాళ అమావాస్య, కొత్త పని మొదలెట్టకూడదుగా!" అన్నాడు పుల్లయ్య.

"పొద్దున నందిగామలో నేను చేసి తెచ్చిన ప్రోగ్రాం కంటే ఇప్పుడు దిద్దిన ఫైలే పాతదనుకుని, దాన్ని తీసుకోవట్లేదండీ ఇది! ఇవాళ్టిది వద్దంటే రేపటి తేదీ పెడతా."

"రేపు మంగళవారం!"

పళ్ళు నూరుతూ బుధవారం పెట్టి, ఫైలు మళ్ళీ సేవ్ చేసింది. బిల్డ్ అయింది. పుల్లయ్య కొబ్బరికాయ కొట్టి, తొలి బిల్లుకి పసుపు రాసి డ్రైవర్‌ చేతికిచ్చాడు.

డ్రైవర్ బిల్లు మీది తేదీ చూసి, లారీ కింద చాప పరిచాడు.

"బుధవారమే బయల్దేరతానండి."